ఎండబెట్టిన సెల్లులు

ఏప్రిల్ 7, సోమవారం

అటవీశాఖ వాళ్ళిచ్చిన పుస్తకంలో తారీఖు, కెమెరా నంబరు, సెల్లుల రకం, సంతకం. అంతే. సొంత కవిత్వం వద్దని బీట్ ఆఫీసరు పద్మశ్రీ మేడం ముందే చెప్పింది. ఆ కవిత్వం కోసమే ఈ నోటు పుస్తకం కొన్నాను. నా పెళ్ళాం సంతోషమ్మ నాకంటే రెండు తరగతులు ఎక్కువ చదివింది కాబట్టి ఇది జొన్నల డబ్బా వెనక ఉంటుంది.

నలభై ఏడేళ్ళకు నాకొక ఉద్యోగం. కెమెరా వాచరు దావీదురాజు. ఎర్రమల కొండ అంచున చిరుత తిరుగుతోందని ఆరు కెమెరాలు చెట్లకు కట్టారు. వైరు లేదు. ముందర ఏదైనా కదిలితే ఫోటో తీసి, లోపలున్న సిమ్ము మీద నా ఫోనుకూ మేడం ఫోనుకూ పంపుతాయి. తోటల్లో మామిడి కోత మొదలైంది. ఎండ ముదరక ముందే కోయాలని ఆడవాళ్ళు చీకటితోనే బయలుదేరుతారు. పోయేది వంక దారిన. ఆ దారి మీద నాలుగో కెమెరా. నేను నాలుగున్నరకు లేచి, ఫోను చూసి, కోతవాళ్ళ గ్రూపులో ఒక మాట పెట్టాలి. చిరుత ఫోటో వచ్చి ఉంటే 'ఆగండి'. లేకపోతే 'ఖాళీ, పోండి'.

ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు పొద్దున్నే నా మాట కోసం కాచుకుని ఉంటారు. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో ఒక్కతి కూడా కాచుకోలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

మేడం మూడు రకాల సెల్లులు తెచ్చి బండ మీద పరిచింది. మూడూ వేలెడంత పెన్సిల్ సెల్లులే. నాకు ఒకటే అనిపించాయి గానీ, ఆమె పెళ్ళి సంబంధాలు చూసినట్టు ఒక్కొక్కదాని గుణం చెప్పింది. ఛార్జింగువి మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు, కానీ వాటి బలం మొదటినుంచే ఒక మెట్టు తక్కువ, కెమెరా వాటిని చూసి అయిపోవచ్చాయనుకుంటుంది. ఆల్కలైన్ ఏ కొట్లోనైనా దొరుకుతుంది, మన ఎండకు కారిపోతుంది. లిథియం ఎండకూ చలికీ తట్టుకుంటుంది, చివరిదాకా ఒకే తీరుగా పనిచేస్తుంది, దొరకడమే కష్టం. ఊరి దగ్గరి కెమెరాలకు ఆల్కలైన్ చాలు. నాలుగోది వంకలో ఉంది. అక్కడ సిగ్నలు కోసం కెమెరా గుంజులాడుతుంది. చీకట్లో మన కంటికి కనబడని లైటు కూడా వేసి ఫోటో తీయాలి. కాబట్టి దానికి ఎనిమిదికి ఎనిమిదీ లిథియమే.

“దావీదన్నా, పాతవీ కొత్తవీ కలపొద్దు. ఒకటి నీరసంగా ఉండిందంటే మిగతా ఏడింటినీ అదే పండబెడతాది.”

పాతవాటికి ఒక డబ్బా, కొత్తవాటికి ఒక డబ్బా పెట్టింది. మా తాతకు హోటల్లో వేరే గ్లాసు పెట్టినట్టే ఉందే మేడం అన్నాను. నవ్వాలో వద్దో తెలియక తల వంచుకుంది పాపం. ఇరవై ఆరేళ్ళ పిల్ల, పది ఊళ్ళ అడవి ఆమె నెత్తిన ఉంది.

మా నాయన రేడియో సెల్లులు అయిపోతే రేకు మీద ఎండబెట్టి ఇంకో వారం పాడించేవాడని చెప్పాను. వేడికి కాసేపు లేచినట్టు కనిపిస్తాయి, చల్లబడితే మళ్ళీ పడుకుంటాయి, ఆ పని చేయొద్దంది. మా నాయన సైన్సు చదవలేదు, అందుకే రేడియో పాడింది.

ఏప్రిల్ 10, గురువారం

నాలుగో కెమెరాకు సెల్లులు మార్చాను. అటవీశాఖ పుస్తకంలో: లిథియం, ఎనిమిది, సంతకం.

ఇందులో: లిథియం నాలుగు. మిగతా నాలుగు, రెండో కెమెరాలోంచి తీసిన పాత ఆల్కలైన్‌వి, నిన్నంతా రేకు మీద ఎండబెట్టినవి. మూత వేసి చూస్తే సెల్లుల బలం చూపే మూడు గీతలకు మూడు గీతలూ వెలిగాయి. మా నాయన గెలిచాడు.

మిగిలిన నాలుగు లిథియంలతో రెండు రోజులు పని ఉంది. తర్వాత పెట్టేస్తాను.

ఏప్రిల్ 12, శనివారం

పని అయింది.

తోట కాపలా హనుమన్న నెల రోజులుగా మీసం మెలేస్తున్నాడు, చిరుత ఎదురైతే చెవులు పట్టుకుని గుంజిళ్ళు తీయిస్తానని. కూరగాయల బండివాళ్ళు అరిపిస్తారే, రికార్డు చేసే చిన్న చేతి మైకు, అలాంటిది ఒకటి నా దగ్గర ఉంది. దానికి నాలుగు పెన్సిల్ సెల్లులు. ఫోనులోంచి చిరుత గుర్రును అందులోకి ఎక్కించి, హనుమన్న రోజూ చెంబు పట్టుకుని కూర్చునే కంపచెట్ల వెనక పెట్టాను. లిథియం సెల్లులకు ఏం గొంతు! చెంబు ఒక దిక్కు, హనుమన్న ఒక దిక్కు. పంచె ఏ దిక్కో నేను రాయను, ఇది మర్యాదస్తుల పుస్తకం.

ఊరంతా నవ్వింది. కోత మేస్త్రి తిమ్మక్క గంప దించి, నడుం పట్టుకుని, కండ్లల్లో నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆమెకు యాభై రెండేళ్ళు. ఈ ఊళ్ళో నా నోటికి సమానమైన నోరు అదొక్కటే.

“హనుమన్నను పరిగెత్తిచ్చినావు. నన్నెప్పుడు పరిగెత్తిస్తావు దావీదూ?”

“నిన్ను పరిగెత్తియాలంటే ఒక చిరుత సాలదు తిమ్మక్కా.”

“నీ మాటలకు తోలు తీసి చెప్పులు కుట్టిస్తా సూడు.”

సాయంత్రానికి హనుమన్న మైకును వెతికి పట్టుకుని, బండకేసి కొట్టి, తోట బావిలో పారేశాడు. సెల్లులతో సహా.

ఏప్రిల్ 13, ఆదివారం

మట్టలాదివారం. గుడిలో పాస్టరు గారు సత్యం గురించి చెప్పారు. హనుమన్న మా మతం కాదు కాబట్టి వినలేదు.

మేడంను ఇంకో నాలుగు అడగాలంటే ఎందుకని అడుగుతుంది. లెక్క పెట్టి ఇచ్చినవి. నాలుగో కెమెరా బాగానే ఉంది. మొన్న శుక్రవారం రాత్రి ముళ్ళపంది ఫోటో వచ్చింది, ఒక్కొక్క ముల్లూ లెక్కపెట్టొచ్చు. ఇంకేం కావాలి.

ఏప్రిల్ 16, బుధవారం

నాలుగులో పగలు గొర్రెలు, కోతవాళ్ళు, నేను (నాలుక బయట పెట్టి). మధ్యాహ్నం ఒంటిగంటకు కెమెరా తనంతట తాను పంపే మెసేజీలో మూడు గీతలు. రాత్రి ఏమీ లేదు.

ఖాళీ, పోండి.

ఏప్రిల్ 18, శుక్రవారం

రాత్రి ఏమీ లేదు. చిరుత కొండ దిగి అవతలికి పోయిందంటున్నారు. కోతవాళ్ళకు ధైర్యం వచ్చింది. మొన్నటిదాకా డబ్బాలు కొడుతూ గుంపుగా పోయేవాళ్ళు, ఇప్పుడు ఇద్దరు ముగ్గురుగా పోతున్నారు. మంచిదే.

ఏప్రిల్ 20, ఈస్టరు

తెల్లవారుజామున ఆరాధనకు అందరం కొండ కిందికి పోయాము. అరవై మందిమి, చేతుల్లో కొవ్వొత్తులు, పాటలు. నాలుగున్నరకు వంక దారిన, నాలుగో కెమెరా ముందరినుంచే. నేను పోతూ పోతూ దానికి సెల్యూట్ కూడా కొట్టాను.

ఇంటికొచ్చి ఫోను చూస్తే ఒక్క ఫోటో లేదు. అరవై మందిలో ఒక్కరు పడలేదు. తర్వాత ఎండెక్కినాక, తిరిగొచ్చే ముసలివాళ్ళు ఇద్దరు పడ్డారు, బ్రహ్మాండంగా.

సిగ్నలు లేదేమో. కొవ్వొత్తుల వెలుతురుకు గజిబిజి అయ్యిందేమో. తిరిగి లేచిన దినాన దేవుడి బిడ్డలు ఫోటోలకు దొరకరేమో.

మధ్యాహ్నం ఒంటిగంటకు మూడు గీతలు.

రేపు ఎట్లాగైనా మారుస్తాను. ఆరో కెమెరా కోసం మేడం మొన్న ఇచ్చిన లిథియంవి డబ్బాలో ఉన్నాయి, అవి వేస్తాను.

ఏప్రిల్ 21, సోమవారం

బనగానపల్లెలో పెళ్ళికి పోయొచ్చాను. సెల్లులు రేపు మారుస్తాను.

ఏప్రిల్ 22, మంగళవారం

తల నొప్పి. రేపు కోతవాళ్ళు పోయినాక పోయి మారుస్తాను. ఒక్క రోజుకు ఏమవుతుంది.

ఏప్రిల్ 23, బుధవారం

ఈ రోజు రాయలేను.

ఏప్రిల్ 24, గురువారం

నిన్న నాలుగున్నరకు ఫోను చూశాను. ఖాళీ. గ్రూపులో తిమ్మక్క గొంతు వచ్చింది: “నాలుగో నంబరు ఏమంటాది దావీదూ?” నేను రాసి పెట్టింది ఇదీ: 'ఖాళీ తిమ్మక్కా. మీ కూతలు వినలేక చిరుత రాత్రే కర్నూలు బస్సెక్కింది.' నవ్వే బొమ్మలు పదకొండు వచ్చాయి. ఇప్పుడు కూడా ఉన్నాయి ఫోనులో. తీసేస్తే అందరికీ తెలుస్తుందని తీయలేదు.

తిమ్మక్క ముందర నడుస్తోందట, కాయలు కోసే దోటి భుజాన వేసుకుని. వెనక ఆమె కోడలు మహాదేవి, ఇంకా ముగ్గురు. వంక గట్టు మీదినుంచి చిరుత దూకింది. మెడ దొరక్కుండా చేయి అడ్డం పెట్టుకుంది తిమ్మక్క. ఆ చేతిని పట్టుకుంది. మహాదేవి దోటి తీసుకుని దాని వీపు మీద కొడుతూనే ఉందట, దోటి విరిగేదాకా. వదిలి, కొంచెం దూరం పోయి, వెనక్కి తిరిగి చూసి మరీ పోయిందట. చీరలో మోసుకొచ్చారు. నేను ఆటో పిలిచాను. ఆటోలో నా కాళ్ళ మీదే ఆమె తల. బనగానపల్లె, అక్కడినుంచి అంబులెన్సులో కర్నూలు. నన్ను అంబులెన్సు ఎక్కనీయలేదు, ఇంటివాళ్ళే అన్నారు.

తిరిగొచ్చి ఇంటికి పోలేదు. ఆరో కెమెరా సెల్లులు తీసుకుని వంకకు పోయాను. పాతవి నాలుగు తీశాను. అందులో ఒకటి కారి, తెల్లగా ఉప్పులాగా పట్టింది. తుడిచాను. ఎనిమిదీ లిథియం వేసి మూత పెట్టాను. నాలుగింటినీ రాళ్ళ సందులో తోసి మన్ను కప్పాను. ఎవరూ చూడలేదు.

మూత వేసిన వెంటనే కెమెరా నన్ను ఫోటో తీసి పంపింది. నా ఫోనుకూ, మేడం ఫోనుకూ. అంత దగ్గరినుంచి నా మొహం నేను ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం మేడం అడిగింది, పదకొండు గంటలకు అక్కడికెందుకు పోయినావన్నా అని. పనిచేస్తుందో లేదో చూద్దామని, అన్నాను. సరే అంది.

ఏప్రిల్ 26, శనివారం

తిమ్మక్క ఎడమ చేయి మోచేతి కింద తీసేశారు.

ఆమె కుడిచేతి వాటం అనుకుంటా. కుడిచేతి వాటమే. తోటలో చూశాను చాలాసార్లు. దోటి ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి.

ఏప్రిల్ 27, ఆదివారం

గుడికి పోలేదు. చిరుత దూకాలనుకుంటే ఫోటో ఆపుతుందా? కెమెరా పనిచేస్తున్నా ఆ పొద్దు అది కెమెరా ముందరినుంచి కాకుండా పైనుంచి వచ్చిందేమో ఎవరికి తెలుసు.

కెమెరా ముందర మెత్తని మన్నులో చిరుత అడుగులున్నాయి. మూడు రాత్రులవి. నేనే చూశాను, సెల్లులు పూడ్చిన రోజు.

ఏప్రిల్ 29, మంగళవారం

బడి వరండాలో విచారణ. అటవీశాఖ పెద్ద సారు కుర్చీలో, ఊరు కింద. కెమెరాలోని కార్డు తీసి చూశారు. పదకొండో తారీఖు ముళ్ళపంది తర్వాత, చిరుత దూకిన పొద్దుదాకా, చీకట్లో తీసిన ఫోటో ఒక్కటి లేదు. పగటివన్నీ ఉన్నాయి. సారు చదువుకున్నవాడు, రెండు నిమిషాల్లో చెప్పేశాడు: సెల్లుల్లో బలం లేదు, పగలు ఎండకు లాక్కొచ్చింది, చీకట్లో లైటు వేయబోయేసరికి కూలబడింది. ఏ రకం వేయాలో ఎవరు తేల్చారని అడిగాడు. నేనే సార్ అంది పద్మశ్రీ. లిథియం ఇచ్చానని చెప్పింది. పుస్తకం చూపించింది. లిథియమైతే ఇట్లా కాదమ్మా, ఏవో నాసిరకం కొని లిథియమని రాసుకున్నారు, ఇంత జరిగినాక మంచివి మార్చారు, అన్నాడు సారు. ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు. మెమో అన్నాడు, సస్పెన్షన్ అన్నాడు.

నేను లేచాను. నా కాళ్ళే లేచాయి.

“సార్, ఆమె మంచివే ఇచ్చింది. నాలుగు నేను తీసేసి, ఎండబెట్టిన పాతవి ఏసినా.”

అప్పుడు వెనకనుంచి హనుమన్న అన్నాడు:

“సార్, వాని మాట నమ్మొద్దండి. పిల్ల ఏడుస్తాందని ఆట గడతాండాడు. ఇంగ కాసేపుంటే చిరుత వేసం ఏసింది గూడా నేనే అంటాడు.”

నవ్వారు. ఊరంతా వారం తర్వాత మొదటిసారి నవ్వింది. సారు కూడా పెదవి కొరుక్కున్నాడు. కూర్చోవయ్యా, అన్నాడు. నేనూ నవ్వాను. అలవాటు కదా, ఎదుటివాళ్ళు నవ్వితే నా నోరు దానంతట అదే తెరుచుకుంటుంది.

కూర్చున్నాను.

ఏప్రిల్ 30, బుధవారం

చెప్పాను. అందరి ముందరా చెప్పాను. నమ్మకపోతే నేనేం చేసేది.

మే 1, గురువారం

చెప్పాను కదా.

మే 2, శుక్రవారం

పద్మశ్రీ మేడం కెమెరాలన్నీ ఒక్కతే తిరిగి చూసుకుంది. నన్ను రావద్దనలేదు, రమ్మనలేదు. మెమోకు జవాబు రాయడానికి ఏడు రోజులిచ్చారట. నేను ఆమె వెనక సంచి మోశాను. సెల్లుల బలం కొలిచే మీటరు తెచ్చుకుంది. ఒక్కొక్క సెల్లూ తీసి, కొలిచి, పేపరు మీద రాసుకుంది. ఒక సెల్లు జారి కింద పడింది. నేను తీసి ఇచ్చాను. థాంక్స్ అన్నా, అంది.

మే 3, శనివారం

కర్నూలు పోయాను.

తిమ్మక్క మంచానికి ఆనుకుని కూర్చుని ఉంది. చెంప మీద కుట్లు. చేయి ఉండాల్సిన చోట తెల్లగా కట్టు. మహాదేవి గంజి తాపించి, నన్ను చూసి, గిన్నె కడుక్కోవడానికి బయటికి పోయింది.

“వచ్చినావా. ఏదన్నా చెప్పి నవ్వియి. ఈడ పొద్దు పోలేదు.”

చెప్పాను. మైకు నుంచి మన్ను కప్పేదాకా. ఈస్టరు కూడా చెప్పాను. పెళ్ళి చెప్పాను, తలనొప్పి చెప్పాను. తల నొప్పి రాలేదని కూడా చెప్పాను. అది ఇక్కడ రాయలేదు. ఆ రోజు బద్ధకంగా ఉండింది, అంతే.

ఆమె నవ్వలేదు. నేను ఎప్పుడు ఆడుతున్నానో ఎప్పుడు ఆడటంలేదో ఆమెకు తెలుసు.

“ఆ పొద్దు కర్నూలు బస్సు అని రాసినావు. నేను దాన్ని ఇడిసిపెట్టినా. ఖాళీ అన్న మాట ఒక్కటే తీసుకున్యా. అది ఎగతాళి గాదనుకున్యా.”

తిట్టమని అడిగాను. నా నోటికి సమానమైన నోరు అది, తిడితే ఎట్లుంటుందో నాకు తెలుసు. తిట్టలేదు.

“ఆ పిల్లను పనిలోంచి తీస్తారంట గదా?”

అవునన్నాను. వరండాలో చెప్పానని, నవ్వారని చెప్పాను.

“నోటితో చెప్తే నవ్వుతారు. నీ నోరు అట్లాంటిది. కాగితం మీద రాసియ్యి. రాసిచ్చినాక, కాయ కోత అయిపోయేదాకా దినామూ ఆడోళ్ళ ముందర నువ్వు నడువు. నేను నడిచిన తావున.”

చేతిలో ఏం పట్టుకోవాలని అడిగాను. బుద్ధి లేక అడిగాను.

“ఏం వద్దు. రెండు చేతులుండాయి గదా నీకు.”

మే 5, సోమవారం

రాసిచ్చాను. నాలుగు సార్లు రాసి చించాను. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట చమత్కారం దూరింది. చివరికి ఇట్లా రాసింది ఇచ్చాను:

'నాలుగో కెమెరాకు ఇచ్చిన ఎనిమిది లిథియం సెల్లుల్లో నాలుగు నేను సొంతానికి తీసుకున్నాను. వాటి బదులు ఎండబెట్టిన పాత సెల్లులు వేశాను. పుస్తకంలో అబద్ధం రాశాను. ఏప్రిల్ 20న పనిచేయడం లేదని తెలిసింది. మార్చలేదు. 23న ఖాళీ అని చెప్పాను. తర్వాత సెల్లులు దాచాను. దాచిన చోటు చూపిస్తాను. పద్మశ్రీ మేడంకు తెలియదు.'

సంతకం. సారు రెండుసార్లు చదివాడు. వంకకు పోయి రాళ్ళ సందులోంచి తీసి చూపించాను. ఒక కవరులో వేసుకున్నారు. ఉద్యోగం పోయింది. కేసు ఉంటుందేమో పైవాళ్ళు చెప్తారట.

సంచీ, అటవీశాఖ వాళ్ళిచ్చిన ఫోనూ మేడంకు అప్పజెప్పాను. లెక్క చూసుకుంది. ఒక్క మాటే అంది:

“ఫోటోలో నీ మొగం చూసిన దినమే నాకు అనుమానం వచ్చింది. నవ్వించేటోనివి గదా, అట్ల చెయ్యవనుకున్యా.”

ఇంటికొచ్చేసరికి జొన్నల డబ్బా ముందుకు జరిగి ఉంది. సంతోషమ్మ అన్నం పెట్టింది. మాట్లాడలేదు.

మే 6, మంగళవారం

నాలుగుంపావుకే దారి మొదట నిలబడ్డాను. కోతవాళ్ళు వచ్చారు, డబ్బాలు పట్టుకుని, గుంపుగా. సంతోషమ్మ కూడా వాళ్ళల్లోనే. మహాదేవి ఇప్పుడు మేస్త్రి. నేను ముందు నడిచాను. వాళ్ళు ముప్పై అడుగులు వెనక. డబ్బాల మోత తప్ప ఒక్క మాట లేదు. నా వెనక ఎప్పుడూ ఇంత నిశ్శబ్దం లేదు, చావు ఇంట్లో కూడా.

తోట గేటు దగ్గర హనుమన్న నిలబడి ఉన్నాడు. గేటు తీసి పక్కకు జరిగాడు.

మే 8, గురువారం

నడిచాను.

మే 9, శుక్రవారం

నడిచాను. పద్మశ్రీ మేడంను పనిలోనే ఉంచారు. మెమో మాత్రం కాగితాల్లో ఉంటుందట. నాలుగో కెమెరా మేమంతా పోయేటప్పుడు ఫోటో తీస్తోంది, మహాదేవి ఫోనుకు వస్తోంది. అందులో అందరికంటే ముందు నేను ఉంటానట. సంతోషమ్మ చెప్పింది. నాలుగు రోజుల తర్వాత నాతో ఆడిన మొదటి మాట అది.

భయమేస్తోంది. రాయకూడదనుకున్నాను. గట్టు కిందికి వచ్చేసరికి మెడ దానంతట అదే లోపలికి పోతుంది. తిమ్మక్క ఇంతకాలం ఇట్లాగే నడిచిందా అంటే, లేదు. ఆమె నేను చెప్పిన మాట నమ్మి నడిచింది, భయం లేకుండా.

మే 12, సోమవారం

గట్టు దాటాక మలుపులో, వెనకవాళ్ళ టార్చి వెలుతురుకు, ఇసుక మీద, చిరుత అడుగు. చుట్టూ ఇసుక ఇంకా విరిగి లోపలికి జారుతూ ఉంది. కెమెరా కంటే ఇవతల, అది చూడని తావు.

ఆగాను. చేయి పైకెత్తాను.

వెనక డబ్బాలు ఆగాయి. ఎవరో గొంతు తగ్గించి అంది: “ఇది గూడా ఆటేనా?”

కాదని చెప్పినా ప్రయోజనం లేదు. చేయి దించలేదు, అంతే. కండ్లు గట్టు మీదే పెట్టాను.

మహాదేవి ఒక్కతే ముందుకొచ్చింది. నన్ను దాటి, వంగి, టార్చి వేసింది. అడుగు పక్కన తన అరచేయి ఆనించి చూసుకుంది. లేచి నా మొహం మీద టార్చి వేసి, ఒక క్షణం అట్లాగే ఉంచింది.

“వెనక్కి నడవండి” అంది వాళ్ళతో. తర్వాత నాతో: “నువ్వు ఆడ్నే ఉండు. అందరూ పోయినాక రా.”

ఉన్నాను.